డాబా మీద గాజు పైకప్పు

నాకు మళ్లీ ఉద్యోగం దొరికేనాటికి నలభై ఆరేళ్లు. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో, మిఠాయి దుకాణం పైన, రెండు గదుల ఆర్కిటెక్ట్ ఆఫీసు అది. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి, టీ స్క్వేర్, సెట్ స్క్వేర్ పెట్టి ఆరేళ్లపాటు ఇళ్ల ప్లాన్లు గీసినదాన్ని. పిల్లలు పుట్టాక మానేశాను. వాళ్లు పెద్దవాళ్లయ్యాక తిరిగి చూస్తే, గీసే బల్లలే ఎక్కడా లేవు. అంతా కంప్యూటర్లోకి వెళ్లిపోయింది.

సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి అశోక్‌నగర్‌లోనే, మా ఇంటికి రెండు సందుల అవతల ఉన్న ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. చుట్టూ సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లల హాస్టళ్లు, జిరాక్స్ దుకాణాలు. నేనూ వాళ్లలాగే భుజాన బ్యాగు, చేతిలో నోట్సుతో నడిచిపోతుంటే టీ బండి దగ్గర ఒకమ్మాయి, "అక్కా, మీది గ్రూప్ టూనా?" అని అడిగింది. కాదని చెప్పడానికి మనసొప్పక నవ్వి ఊరుకున్నాను.

ఆఫీసు నడిపే ఆర్కిటెక్ట్ నాకంటే పన్నెండేళ్లు చిన్నది. నేను ఆమెను మేడం అంటాను, ఆమె నన్ను అక్కా అంటుంది. ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు నా దగ్గర చూపించుకోవడానికి పాత షీట్ ఒక్కటే ఉంది, చేత్తో ఇంకు పెట్టి గీసిన మెట్ల డ్రాయింగు. అంచులు పసుపెక్కిన ఆ కాగితాన్ని ఆమె బల్ల మీద పరిచి చాలాసేపు చూసింది.

"ఇంత సాఫ్‌గ గీసినోళ్లకు మౌస్ పట్టుకునుడు ఎంతసేపక్కా? సోమవారం నుంచి వచ్చెయ్యి," అంది. ఆ మాటకు నేను ఇప్పటికీ ఆమెకు రుణపడి ఉన్నాను.

చేరిన ఏడాదిలో ఎక్కువగా ఇతరులు గీసినవాటికి కొలతలు వేయడం, తలుపుల పట్టికలు చేయడం నా పని. నేను మొదటినుంచి చివరిదాకా ఒక్కదాన్నే చేసిన మొదటి పని ఈ గాజు పైకప్పే.

ఎండలు ముదరకముందు ఒక ఉదయం, అరవై అయిదు దాటిన ఒకాయన మెట్లెక్కి ఆఫీసుకు వచ్చాడు. ఇల్లు నారాయణగూడలో. కింద కిరాయికి ఇచ్చి పైన తామే ఉంటున్నారట. ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. ఏదో చలిదేశపు ఇల్లు. గోడకు ఆనించి గాజు గది, గాజు పైకప్పు, లోపలంతా మొక్కలు.

"మా డాబా మీద గిట్లాంటిది కావాలె మేడం. పదునెనిమిది అడుగులు పొడుగు, ఎనిమిది అడుగులు వెడల్పు జాగ ఉన్నది."

మా మేడం జాగ్రత్తగా అడిగింది. "సార్, మన ఎండలకు గాజు గది అంటే లోపల పొయ్యి లెక్క అయితది. మొక్కల కోసమైతే గ్రీన్ నెట్ సరిపోతది గదా."

"మొక్కలు అంటే కోతులు ఉంచుతలేవు, పావురాలు ఉంచుతలేవు," అన్నాడాయన. ఆ జవాబు ఆయనకే చాలలేదేమో, "మా అక్క కోసం కూడా," అని మాత్రం చేర్చాడు.

కొలతలు తీసుకోవడానికి నేను వెళ్లాను. సన్నటి గల్లీ, పాత ఇల్లు. డాబాకు ఒకవైపు గది, మిగతా మూడువైపులా పిట్టగోడ. టేపు పట్టుకుని నాలుగువైపులా కొలిచాను. అనుమానం వచ్చి రెండోసారి కూడా కొలిచాను. ఎదురెదురు గోడలు సరిగ్గా సమానంగా వచ్చాయి. నోట్‌బుక్‌లో దీర్ఘచతురస్రం గీసి కొలతలు వేసుకున్నాను.

డాబా మీద గదిలో ఆయన అక్క ఉంది. డెబ్బై నాలుగేళ్లు. తుంటి ఎముక విరిగి ఏడాదిన్నరగా మంచం మీదే. పెళ్లి చేసుకోలేదట. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైంది. నన్ను కూర్చోబెట్టి, తమ్ముణ్ణి చాయ్ పెట్టమని వంటింట్లోకి పంపి, తనే చెప్పింది.

"మొక్కలు గిక్కలు వాని పిచ్చి. గాజు నేను అడిగిన. నాకు వాన కనబడాలె."

"కిటికీ ఉంది కదమ్మా," అన్నాను.

"కిటికీలకెంచి గోడ కనబడ్తది, గోడ మీద తడి కనబడ్తది. నాకు పైకెంచి పడేది కనబడాలె." దుప్పటి సర్దుకుని మళ్లీ మొదలుపెట్టింది. "ముప్పై ఏండ్లు కిటికీ లేని హాలుల కూసున్న బిడ్డా. చెవులకు హెడ్‌ఫోన్, ముంగట బోర్డు. బయట వాన పడ్తున్నదని ఎట్ల తెలుస్తుండెనో తెలుసా? లైన్‌ల గరగర మొదలైతుండె. వరంగల్ లైన్ గరగరమంటే వరంగల్‌ల వాన, కర్నూల్ లైన్ గరగరమంటే కర్నూల్‌ల వాన. అన్ని ఊర్ల వానలు విన్న. చూసుడే కాలె."

తిరిగి ఆఫీసుకు నడిచి వస్తుంటే ఆ గరగర నా చెవుల్లోనే ఉంది. మా మేడంతో చెప్పాను. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, "అయితే ఇది నువ్వే చెయ్యక్కా. నేను చూస్త గని, చెయ్యేసేది నువ్వే," అంది.

పని మొదలుపెట్టాక తెలిసింది, గాజు పైకప్పు గీయడం నేననుకున్నంత తేలిక కాదని. గది గోడకు ఆనుకుని, మూడువైపులకూ వాలే కప్పు. ముందువైపు పెద్ద వాలు, అటూ ఇటూ రెండు త్రికోణాలు. సాఫ్ట్‌వేర్‌లో అంచులు గీసి, ఏ అంచుకు వాలు ఉండాలో, దేనికి ఉండకూడదో చెప్తే అది క్షణంలో కప్పు లేపుతుంది. కానీ లేచింది కాంక్రీటు కప్పు. దాన్ని గాజుగా మార్చాను. ఎక్కడా ఒక్క కడ్డీ లేకుండా, గాలిలో తేలుతున్న సబ్బు నీటి పొరలాగా కనబడింది. గాజు పలకలను పట్టుకునే అల్యూమినియం కడ్డీలు ఒక్కో వాలుకు విడిగా వేసుకోవాలి. వేశాను. రెండు వాలులు కలిసే మూలగీత దగ్గరకు వచ్చేసరికి ముందువైపు కడ్డీలు ఒకచోట, పక్కవైపు కడ్డీలు ఇంకోచోట వచ్చి ఆగాయి. ఒక్కటీ కలవలేదు. అంగుళం ఇటు జరిపితే అటు తప్పేది, అటు జరిపితే ఇటు.

రెండు రోజులు అట్లా కొట్టుకున్నాను. మూడో రోజు మౌస్ పక్కన పెట్టి, ఇంట్లో ట్రంకు పెట్టెలోంచి నా పాత సెట్ స్క్వేర్లు తెచ్చుకున్నాను. వాలుగా ఉన్న త్రికోణం పైనుంచి చూస్తే కురచగా కనిపిస్తుంది. దాని అసలు పొడవు కావాలంటే కాగితం మీద దాన్ని నేలమట్టానికి పడుకోబెట్టి గీయాలి. ఐటీఐలో మాకది నేర్పిన మాస్టారు, రాకపోతే మళ్లీ గీయించేవాడు, మళ్లీ రాకపోతే మళ్లీ. ఎన్ని శనివారాలు తిట్టుకున్నానో ఆయన్ని. ఆ మధ్యాహ్నం కాగితం మీద మూడు వాలులూ పరుచుకుని, మూలగీతను సమాన భాగాలు చేసి, అక్కడి నుంచే రెండువైపులకూ కడ్డీలు లెక్క కట్టాను. ఆ లెక్క కంప్యూటర్‌కు ఇచ్చాక కడ్డీలన్నీ మూలగీత మీద ఒకదానికొకటి అందాయి.

మా మేడం నా వెనక నిలబడి చూసి, "చాయ్ చెప్పనా, స్వీట్ చెప్పనా?" అంది. కింది దుకాణం నుంచి రెండూ వచ్చాయి.

ల్యాప్‌టాప్ పట్టుకుని నారాయణగూడ వెళ్లాను. తమ్ముడు మొక్కల అరలు ఎక్కడొస్తాయో చూసుకుని మురిసిపోయాడు. అక్క మాత్రం, "నాకు నా మంచం మీంచి చూపియ్యి," అంది. సాఫ్ట్‌వేర్‌లో కెమెరాను ఎక్కడైనా పెట్టుకోవచ్చు. గాజు కప్పు కింద ఆమె మంచం ఉండబోయే చోట, మంచం ఎత్తులో పెట్టి పైకి తిప్పాను. ఆమె కళ్లద్దాలు సర్దుకుని చూసింది.

"గీ అడ్డం పొడుగు గీతలేంది?"

"అల్యూమినియం కడ్డీలమ్మా. గాజును పట్టుకోవడానికి."

"జైలు లెక్క ఉన్నది."

అంత కష్టపడి కలిపిన కడ్డీలు. నాకు కోపం కూడా వచ్చింది. కానీ స్క్రీన్ నావైపు తిప్పుకుని, ఆమె పడుకున్నట్టే తల వాల్చి చూస్తే, ఆమె చెప్పింది నిజమే. నేను ఆ కప్పును ఎప్పుడూ పైనుంచే చూశాను. కింద పడుకుని చూసే మనిషి కోసం దాన్ని గీయలేదు.

సూర్యుడి దారి కూడా చూపించాను. ఊరు, నెల, గంట చెప్తే నీడ ఎక్కడ పడుతుందో ఆ మోడల్‌లో కనిపిస్తుంది. మే నెల మధ్యాహ్నం పెట్టగానే మంచమంతా పసుపురంగు అయిపోయింది. ఆమె గంటలు మార్చి మార్చి చూపించమంది. చివరికి, "మంచం గా గోడ దిక్కు జరపాలె. పొద్దుగాల గీడ, పగటీలి గాడ," అని తేల్చింది. పైన వేడిగాలి పోవడానికి తెరుచుకునే రెండు పలకలు, లోపల తాడు లాగితే పరుచుకునే నీడ తెర, ఆ రోజే ఖాయమయ్యాయి.

మంచానికి పైన వచ్చే కప్పులో చిన్న చిన్న పలకలు తీసేసి రెండు పెద్ద పలకలు పెట్టాను. ఇక మిగిలింది గాజు, అల్యూమినియం పని చేసే మేస్త్రి ఒప్పుకోవడం. నారాయణగూడలోనే చిన్న దుకాణం ఆయనది. అరవై ఏళ్లుంటాయి. గ్రిల్లులు, గేట్లు, షట్టర్లు చేసి చేసి అరచేతులు గరుకుగా ఉంటాయి. ప్రింట్లు చూసి, "పలకలు పెద్దగైనయి గని, రెండు దిక్కుల కడ్డీ లావు పెడితే ఆగుతది," అన్నాడు. గాజు తెప్పించేముందు ఒకసారి డాబా చూస్తానంటే నేనూ వెళ్లాను.

ఆయన నా ప్రింటు పిట్టగోడ మీద పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టాడు. డాబా వైపు చూశాడు, ప్రింటు వైపు చూశాడు. మళ్లీ డాబా వైపు చూశాడు.

"మేడం, నాలుగు దిక్కులు కొలిసిన్రు గదా?"

"కొలిసిన అన్నా. రెండుసార్లు కొలిసిన. ఎదురెదురు గోడలు సమానంగ ఉన్నయి."

"సమానమే ఉంటయి. మూలకు మూల కొలిసిన్రా?"

మూలకు మూల కొలవలేదు. ఆయన జేబులోంచి దారపు ఉండ తీసి ఒక కొస నాకిచ్చాడు. ఈ మూల నేను, ఆ మూల ఆయన. దారం బిగించి ముడివేశాడు. అదే దారాన్ని మిగతా రెండు మూలల మధ్య పట్టాడు. ముడి గోడ దాటి బయటికి వేలాడింది. జానెడు తేడా.

నాలుగు భుజాలూ సరిగ్గానే ఉన్నాయి. కానీ డాబా ఒకవైపుకు ఒరిగి ఉంది. చేత్తో పక్కకు తోసిన ఖాళీ అగ్గిపెట్టెలాగా. నేను గీసింది నిటారుగా ఉన్న పెట్టె. ఆ కొలతలతో గాజు కోయించి ఉంటే రెండు పక్కల పలకల్లో ఒక్కటీ కూర్చునేది కాదు.

"పాతకాలంల గల్లీ ఎట్ల పోతే గోడ గట్ల లేపిన్రు," అన్నాడు మేస్త్రి, దారం చుట్టుకుంటూ. "ఇల్లు వంకర కాదు మేడం, గల్లీ వంకర. ఇంకా గాజుకు చెప్పలే. గట్టి గాజు ఒక్కపారి కాలిస్తే మల్ల కోయరాదు. అందుకే చూస్తనంటి. మీరు జర మల్ల గీసి పంపున్రి. నేనెవ్వరికి చెప్ప."

ఆయన ఆ చివరి మాట ఎంత మామూలుగా అన్నాడంటే, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఆఫీసుకు ఫోన్ చేసి, మీ మనిషికి కొలతలు రావని ఒక్క మాట చెప్పి ఉంటే నేను ఏమీ అనగలిగేదాన్ని కాదు. తలవంచుకుని మెట్లు దిగాను.

నారాయణగూడ నుంచి చిక్కడపల్లికి ఆటోలో ఎంతో దూరం లేదు. ఆ రోజు నడిచే వెళ్లాను. ఎవరికీ తెలియకుండా సరిచేసి పంపేయవచ్చు. మేస్త్రి చెప్పడు, మేడం అడగదు. పదిహేడేళ్లు ఇంట్లో కూర్చున్నదానికి పని ఇచ్చిన మనిషి. తప్పు చెప్తే ఏమనుకుంటుంది? దాస్తే నేనేమవుతాను? కూరగాయల బండ్ల మధ్య నుంచి, బస్సుల హారన్ల మధ్య నుంచి ఈ రెండు ప్రశ్నలతోనే నడిచాను. ఆఫీసు మెట్లెక్కాక, బ్యాగు కూడా కింద పెట్టకుండా చెప్పేశాను.

"మేడం, నేను మూలకు మూల కొలవలే. డాబా ఒరిగి ఉన్నది. మేస్త్రి చూసి చెప్పిండు."

ఆమె కంప్యూటర్ మీంచి తలెత్తింది. "గాజు ఆర్డర్ అయ్యిందా?"

"కాలె."

"అయితే పరేషాన్ ఎందుకక్కా? కూసో." నీళ్ల సీసా నావైపు జరిపింది. "నేను కట్టిన మొదటి ఇంట్ల మెట్ల కింద తలుపు పెట్టిన. తలుపు తెరిస్తే మెట్టుకు తాకుతుండె. మేస్త్రి చూసిండు, చెప్పలే. కట్టినంక అందరు వచ్చి చూసిపోయిన్రు. నీకు చెప్పే మేస్త్రి దొరికిండు, నీ అదృష్టం."

మళ్లీ గీశాను. ముందు డాబా ఎట్లా ఉందో అట్లాగే ఒరిగిన కప్పు గీశాను. సాఫ్ట్‌వేర్ ఏమీ అనలేదు, నిక్షేపంగా గీసి ఇచ్చింది. కానీ కెమెరాను మంచం మీద పెట్టి పైకి చూస్తే కడ్డీలన్నీ ఒకవైపుకు తోసినట్టు ఉన్నాయి. ఆమె రోజంతా పడుకుని చూడాల్సింది దాన్నే. అది తీసేశాను. ఒరిగిన డాబా లోపల, గది గోడకు ఆనించి నిటారైన చిన్న దీర్ఘచతురస్రం పెట్టి, దాని మీద కప్పు నిలబెట్టాను. రెండు పక్కలా సన్నటి ముక్కలు మిగిలాయి. ఒక కొస దగ్గర సున్నా, రెండో కొసకు వచ్చేసరికి అయిదు అంగుళాలు.

ఈ మిగులు ముక్కలు ఏం చేయాలో నాకు తోచలేదు. మేస్త్రిని అడిగితే, "పడమటి దిక్కుది నాకియ్యున్రి, నీళ్లు పోయే గట్టర్ చేస్త," అన్నాడు. తూర్పుదాన్ని తమ్ముడుగారే అడిగి తీసుకున్నాడు. అందులో ఒక సన్నటి తొట్టి కట్టించి ఫెర్న్ మొక్కలు పెట్టుకున్నాడు. గాజు గది మొత్తంలో ఆయన ఎక్కువగా మాట్లాడేది ఇప్పుడు ఆ అయిదంగుళాల తొట్టి గురించే.

గాజు పలకలు వచ్చిన రోజు మేస్త్రి మనుషులు ఒక్కొక్కటే తాళ్లతో పైకి లాగారు. నేను గల్లీలో నిలబడి ఒక్కో పలకనూ లెక్కపెట్టాను. మూలగీత మీద మొదటి పలక కూర్చుంది. రెండోది దాని పక్కన కూర్చుంది. మేస్త్రి పైనుంచి వంగి, చెయ్యి ఊపి, "కూసున్నయి మేడం," అన్నాడు. సాయంత్రానికి అన్నీ కూర్చున్నాయి. పైకెక్కి చూశాను. కంప్యూటర్లో అన్ని వందలసార్లు తిప్పి చూసిన కప్పు, నిజంగా నా తల మీద ఉంటే దాన్ని ఎటు తిప్పాలో తెలియక అట్లాగే నిలబడ్డాను.

జూన్‌లో ఒక మధ్యాహ్నం విద్యానగర్ వైపు నల్లగా కమ్మింది. ఆఫీసులో ఉన్నాను. ఫోన్ మోగింది. తమ్ముడుగారు. "మా అక్క మిమ్మల్ని జల్ది రమ్మంటున్నది."

మా మేడం కిటికీలోంచి ఆకాశం చూసి, "పో అక్కా, పో," అని తన గొడుగు చేతిలో పెట్టింది.

నేను చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. ఆమెను మంచంతో సహా గాజు కిందికి తెచ్చి పెట్టారు. చీర కొంగు మడిచి గుండెల మీద పెట్టుకుని, పెళ్లివారు వచ్చేముందు సిద్ధంగా ఉన్నట్టుంది. చినుకులు పెద్దవయ్యాయి. గాజు మీద పడి, పగిలి, వాలు వెంబడి జారిపోతున్నాయి. మొదట చప్పుడు విడివిడిగా ఉంది. తర్వాత ఒక్కటే మోత అయ్యింది. చాలాసేపటికి ఆమె కళ్లు తిప్పకుండానే నా చెయ్యి తడిమి పట్టుకుని, "నువ్వు గూడ పండుకో," అంది.

తమ్ముడుగారు అప్పటికే చాప తెచ్చి పరిచారు. సిగ్గుపడుతూనే మంచం పక్కన చాప మీద వెల్లకిలా పడుకున్నాను. రెండు పెద్ద పలకల మీద వాన నా ముఖం మీదికే వస్తున్నట్టు ఉంది, కానీ తాకడం లేదు. ఆ పలకల మధ్య ఉన్న ఒక్క కడ్డీ కోసం ఎన్ని గంటలు కూర్చున్నానో నాకు తెలుసు. అది ఇప్పుడు నాకు కనిపించనే లేదు.

"గిది ఏ ఊరి వాన?" అని అడిగిందామె.

"మన ఊరిదేనమ్మా," అన్నాను.

"మన ఊరిదే," అని ఆమె ఒప్పుకుంది.

అర్ధగంట గడిచాక, గది గోడకు కప్పు ఆనే చోట ఒక మూల నుంచి బొట్టు బొట్టుగా నీళ్లు కారడం మొదలైంది. నేను గాభరాపడి లేచాను. తమ్ముడుగారు స్టీలు గిన్నె తెచ్చి కింద పెట్టారు. అక్క తల ఇటు తిప్పి, "ఉండనియ్యిరా, చప్పుడు మంచిగున్నది," అంది. అయినా నేను గదిలోకి వెళ్లి మేస్త్రికి ఫోన్ చేశాను. కారుతున్న సంగతి ముందు చెప్పాను. తర్వాత అసలు సంగతి చెప్పాను. మూలగీతలు రెండూ ఒక్క చుక్క కూడా వదల్లేదని, పెద్దామె అర్ధగంట నుంచి పైకే చూస్తోందని, ఆయన ఆ రోజు దారం తీయకపోతే ఇదేదీ ఉండేది కాదని.

అటువైపు కూడా వానే. ఆయన దుకాణం రేకుల మీద పడుతున్న మోతలో నా మాటలు ఎన్ని వినిపించాయో తెలియదు.

"గట్లనా, మంచిగైంది," అన్నాడాయన. "పొద్దుగాల నిచ్చెన పట్టుకొని వస్త. సందులకు పెట్టే సిలికాన్ జర తక్కువైనట్టున్నది. వాళ్లను గా మూల తుడ్వద్దని చెప్పున్రి, తడి ఏడికెంచి వస్తున్నదో నాకు కనబడాలె."